కంప్యూటర్‌లో చేరే దుమ్ము: హైదరాబాద్ వాతావరణంలో దాన్ని ఎప్పుడు, ఎలా తీయాలి

వంద వాట్ల విద్యుత్తు తీసుకునే కంప్యూటర్ ఆ వంద వాట్లనూ చివరికి వేడిగానే బయటికి వదులుతుంది. ఆ వేడిని మోసుకుపోయే గాలి, లోపలికి వచ్చినప్పటి కంటే 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వెచ్చగా బయటపడాలంటే, హైదరాబాద్ వేసవిలో సెకనుకు దాదాపు 9 లీటర్ల గాలి ఆ పెట్టెలోంచి సాగిపోవాలి. గంటకు లెక్కిస్తే అది 30 వేల లీటర్లు దాటుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టే గాలి సుమారు 28 వేల లీటర్లే. అంటే బల్ల కింద నిశ్శబ్దంగా నడిచే కంప్యూటర్ ఒక గంటలో గదిలో ఉన్నంత గాలిని తన గుండా పంపుతోందన్నమాట. ఆ గాలిలో తేలేదంతా లోపలికి వెళుతుంది. వెళ్లినదంతా తిరిగి బయటికి రాదు.

నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు వల్ల ఇక్కడి గాలి విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరపట్టణాల గాలి కంటే ఐదారు శాతం పలచన. అంతే వేడిని తీసుకుపోవడానికి ఇక్కడి ఫ్యాను ఆ మేరకు ఎక్కువ గాలిని లాగవలసి ఉంటుంది. ఈ తేడా ఒక్కటే యంత్రాన్ని చెడగొట్టదు గానీ, మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఊరిలో, గాలి వెళ్లే దారి దుమ్ముతో సగం మూసుకుపోయిన యంత్రానికి ఇలాంటి చిన్న తేడాలన్నీ ఒకదానికొకటి తోడై భారమవుతాయి.

గాలిలో తేలే పదార్థం ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్ అడుగున ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ శిల. అది శిథిలమై ఏర్పడిన ఎర్ర చల్కా నేలల్లో క్వార్ట్జ్ రేణువులు ఎక్కువగా ఉంటాయి. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ స్థానం 7. మామూలు గాజుది ఐదున్నర దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఈ రేణువు గాజును గీయగలదు. కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు బహుళ అంతస్తుల భవనాల సెల్లార్ల కోసం బండను తొలిచేటప్పుడు లేచే రాతి పొడి కూడా ఇదే జాతికి చెందినది. దీనికి ఇంటి లోపల పుట్టే సరుకు తోడవుతుంది: ఒంటి మీంచి రాలే చర్మపు పొలుసులు, బట్టల నూలు పోగులు, వెంట్రుకలు, పరుపుల నుంచి లేచే దూది నూగు, అగరుబత్తి, సాంబ్రాణి పొగలోని మసి, పోపు వేసినప్పుడు లేచే నూనె ఆవిరి.

ఇవన్నీ కలిసి దుమ్ము అనిపించుకున్నా, యంత్రం లోపల వీటి పాత్రలు వేరువేరు. ప్రాసెసర్ (లెక్కలు చేసే ప్రధాన చిప్పు) వేడిని లాగి గాలికి అందించే హీట్‌సింక్‌లోని సన్నని లోహపు రేకుల అంచులకు మొదట చిక్కుకునేవి పొడవాటి నూలు పోగులు, వెంట్రుకలు. రెండు రేకుల మధ్య అవి అడ్డంగా పడిపోయిన తరువాత, అంతకుముందు గాలితో పాటు దాటిపోయిన సన్నని మట్టి కూడా వాటి మీద ఆగడం మొదలుపెడుతుంది. నూనె ఆవిరి, పొగ మసి ఆ మిశ్రమాన్ని అతుక్కునేలా చేస్తాయి. ల్యాప్‌టాప్‌లలో ఈ రేకుల మధ్య ఎడం మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి కొన్ని నెలల్లోనే ఫ్యానుకూ రేకులకూ మధ్య కంబళి ముక్క లాంటి మందమైన పొర అల్లుకుంటుంది. బయటి జాలీలోంచి చూసేవారికి అది కనబడదు, ఎందుకంటే అది రేకుల లోపలి వైపున, ఫ్యాను గాలిని నెట్టే ముఖం మీద ఉంటుంది. వంటిల్లూ హాలూ కలిసి ఉండే కొత్త తరహా ఫ్లాట్లలో ఈ పొర జిడ్డుగా, నల్లగా ఉంటుంది, ఊదితే కదలదు. రాతిపని జరిగే వీధిలో బూడిదరంగుగా, పొడిగా ఉంటుంది. ఊదితే మేఘంలా లేస్తుంది. ఏ దుమ్మో తెలియకుండా దాన్ని తీసే సాధనాన్ని ఎంచుకోవడం కుదరదు. శుభ్రం చేసే పనిలో జరిగే నష్టాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

దుమ్ము చేసే హానిలో మొదటిది వేడికి సంబంధించినది. హీట్‌సింక్‌లో వాడే అల్యూమినియం గాలితో పోలిస్తే కొన్ని వేల రెట్లు మెరుగ్గా వేడిని ప్రవహింపజేస్తుంది. అయితే ఆ లోహం ఎంత బాగా వేడిని తెచ్చి ఇచ్చినా, దాన్ని తీసుకుపోయే గాలి రేకుల మధ్య కదలకపోతే ప్రయోజనం ఉండదు. అప్పుడు ప్రాసెసర్ ఉష్ణోగ్రత పెరిగి, దాని రూపకర్తలు నిర్ణయించిన గరిష్ఠ హద్దును చేరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అనేకం 100 డిగ్రీల వద్ద, ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలోనివి సాధారణంగా 95 డిగ్రీల వద్ద తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. దీంతో యంత్రం నెమ్మదిస్తుంది. ఏదైనా గేమ్ గానీ, వీడియో ఎడిటింగ్ గానీ మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే తడబడుతుంది. కొన్నిసార్లు హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది. దీన్ని వైరస్‌గానో, ర్యామ్ కొరతగానో భావించి డబ్బు ఖర్చు చేసేవారు ఎందరో ఉంటారు. వేగం తగ్గడం వెంటనే కనిపిస్తుంది, కానీ విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయువు తరిగిపోవడం కనిపించదు. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు వాటి ఆయువు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లు పాటించే సూత్రం.

అయితే వేడి పెరిగిన ప్రతిసారీ కారణం దుమ్మే కాదు. డిసెంబరులో 75 డిగ్రీల దగ్గర నడిచిన ల్యాప్‌టాప్ అదే పనికి మే నెలలో 92 డిగ్రీలు చూపితే, ఆ 17 డిగ్రీల్లో అధికభాగమో, మొత్తమో గది వేడిదే కావచ్చు. హీట్‌సింక్ చేయగలిగిందల్లా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే ఇన్ని డిగ్రీల పైన నిలబెట్టడమే. గది 15 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. కాబట్టి చూడవలసింది ప్రాసెసర్ ఉష్ణోగ్రత నుంచి గది ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలే అంకె. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు మొదటిది చూపుతాయి. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు రెండోది చెబుతుంది. యంత్రం కొత్తగా ఉన్నప్పుడో, శుభ్రం చేసిన మరునాడో, ఒకే పనిని పావుగంట సేపు చేయించి ఈ తేడాను ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే, తరువాత ఎప్పుడైనా అదే పనికి తేడా పదో పన్నెండో డిగ్రీలు పెరిగినప్పుడు క్యాబినెట్ తెరవడానికి సరైన కారణం దొరికినట్టు. మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి అని క్యాలెండరు చూసి తెరవమనే సలహా కంటే ఇది నమ్మదగినది. తెరిచిన ప్రతిసారీ స్క్రూలకు, కనెక్టర్లకు, ప్లాస్టిక్ క్లిప్పులకు ఎంతో కొంత అరుగుదల ఉంటుంది కాబట్టి, అవసరం లేకుండా తెరవడం కూడా ఒక రకమైన నష్టమే.

క్యాలెండరు పూర్తిగా పనికిరానిదేమీ కాదు. నెలల లెక్కను వదిలి రుతువుల లెక్కను చూడాలి. హైదరాబాద్‌లో మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కంటే దిగువకు పడిపోతుంది. పొడిగాలిలో స్థిర విద్యుత్తు సులువుగా పోగవుతుంది. మనిషి చేతికి చురుక్కుమనేంత స్థిర విద్యుత్తు సుమారు 3,000 వోల్టులు. కొన్ని చిప్పులు దెబ్బతినడానికి 100 వోల్టులు, అంతకంటే తక్కువ కూడా చాలు. అంటే చేతికి ఏమీ తెలియకుండానే ర్యామ్ పాడయ్యే అవకాశం ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో తేమ 80 శాతం దాటినప్పుడు ఈ భయం చాలావరకు తగ్గుతుంది గానీ మరొక ఇబ్బంది మొదలవుతుంది. పొడిగా ఉన్నంతకాలం విద్యుత్తును ప్రవహించనివ్వని మట్టి, తేమను పీల్చుకున్న తరువాత అందులోని లవణాల వల్ల స్వల్పంగా ప్రవహింపజేస్తుంది. భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డయిన మదర్‌బోర్డు మీద వెంట్రుక మందపు దూరాల్లో ఉండే రాగి గీతల మధ్య ఆ స్వల్ప ప్రవాహమే చాలు. వేసవి అంతా ఏ ఇబ్బందీ పెట్టని యంత్రం తొలకరి తరువాత మొరాయించడానికి, పాత యంత్రాల కనెక్టర్లకు పచ్చని చిలుము పట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ రెంటినీ కలిపి ఆలోచిస్తే, దుమ్ము తీయడానికి ఇక్కడ రెండు కాలాలు అనువైనవిగా కనిపిస్తాయి. ఒకటి ఉగాది ముందు, ఎండలు ముదరకముందు. అప్పుడు దుమ్ము తీయడం రెండు నెలల వేడిని తట్టుకునే శక్తినివ్వడమే కాక, తొలకరి తేమకు లోపల తడిసే మట్టి లేకుండా చేస్తుంది. రెండోది దసరా తరువాత, వానలు వెనక్కి తగ్గి గాలి మరీ పొడిబారకముందు. అయితే అప్పుడు ఎక్కువ యంత్రాలకు పరిశీలనే చాలు, తీయవలసిందేమీ ఉండకపోవచ్చు. ఉగాది ముందు పని స్థిర విద్యుత్తు ఎక్కువగా ఉండే రోజుల్లో పడుతుంది కాబట్టి, ఉదయం పూట, తడిబట్టతో తుడిచిన నేల మీద, నూలు దుస్తులతో చేయడం మేలు.

పండుగకు ముందు ఇంట్లో బూజు దులిపే ఆనవాయితీని ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించాలి. ఏడాదిలో ఇంటి గాలి అత్యంత మురికిగా ఉండేది ఆ ఒకటి రెండు రోజులే. గోడలకు రంగులు వేయించేటప్పుడు పుట్టీని గరుకు కాగితంతో రుద్దగా లేచే తెల్లని పొడి మరీ సన్నగా, మరీ ఎక్కువగా ఉంటుంది. తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీ కావడం వల్ల ఆ పొడికి తేమ తగిలితే క్షారగుణం వస్తుంది, లోహాన్ని తినే స్వభావం ఉంటుంది. ఆ రోజుల్లో కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, పాత దుప్పటితో కాక ప్లాస్టిక్ కవరుతో పూర్తిగా కప్పి ఉంచాలి. ముందు కంప్యూటర్ శుభ్రం చేసి తరువాత ఇల్లు దులిపితే మొదటి పని వృథా అవుతుంది. ఇల్లు దులిపిన మూడు నాలుగు రోజులకు, గాలి కుదుటపడ్డాక యంత్రాన్ని తెరవడమే సరైన వరుస.

ఇక సాధనాల సంగతి. దుమ్మును వదులు చేయడం ఒక పని, దాన్ని పెట్టెలోంచి బయటికి తీసుకురావడం మరొక పని. బలంగా ఊదే ఏ సాధనమైనా మొదటి పనిని అతిగా, రెండో పనిని అరకొరగా చేస్తుంది. దుమ్ములో కొంత బయటికి ఎగురుతుంది, మిగతాది స్లాట్ల సందుల్లోకి, ఫ్యాను బేరింగులోకి, డీవీడీ డ్రైవులోకి, అంతకుముందు శుభ్రంగా ఉన్న మూలల్లోకి దూరుతుంది. క్వార్ట్జ్ రేణువులున్న దుమ్ము బేరింగులోకి వెళితే ఆ ఫ్యాను కొద్ది వారాల్లో గరగర శబ్దం మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

పంక్చరు దుకాణంలోనో, బండ్ల సర్వీసింగ్ షెడ్డులోనో ఉండే కంప్రెసర్ గాలితో క్యాబినెట్‌ను ఊదించుకోవడం నగరంలో చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఈ పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. బైకు టైరులో నింపే గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో అయినా, ట్యాంకులో ఉండే ఒత్తిడి దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. గాలిని అణిచినప్పుడు అందులోని తేమ నీరుగా మారి ట్యాంకు అడుగున చేరుతుంది. యంత్రంలోని కందెన నూనె కూడా సన్నని తుంపరగా గొట్టంలోకి వస్తుంది. నీరు, నూనె, వాటిని లోపలికంటా నెట్టే ఒత్తిడి మూడూ ఒకేసారి మదర్‌బోర్డును తాకడం కంటే దుమ్ము అలాగే ఉండిపోవడమే నయం.

రిపేరు దుకాణాల్లో కనిపించే 500, 600 వాట్ల విద్యుత్ బ్లోయర్ అంత ప్రమాదకరం కాదు, కానీ అది నడిచే పద్ధతి ముఖ్యం. మొదటి షరతు, ఊదేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితోనో, పుల్లతోనో కదలకుండా పట్టుకోవాలి. బయటి గాలికి ఫ్యాను తన నిర్ణీత వేగాన్ని మించి తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. పైగా తిరిగే మోటారు తానే చిన్న జనరేటరుగా మారి మదర్‌బోర్డు వైపు వోల్టేజీని పంపగలదు. రెండోది, ముక్కును కనీసం జానెడు దూరంలో ఉంచి, ఆగి ఆగి ఊదాలి. మూడోది, బ్లోయర్ లాగుకునే గాలి కూడా శుభ్రంగా ఉండాలి. అప్పుడే లేచిన దుమ్మును వెనక నుంచి లాగి ముందు నుంచి కొడితే చేసిన పనికి అర్థం లేదు. అందుకే బాల్కనీలో, గాలివాలును చూసుకుని, కింది ఇంటివారి బట్టలు ఆరేసి లేని వేళలో చేయడం మంచిది.

డబ్బాల్లో అమ్మే గాలి నిజానికి గాలి కాదు. అనేక డబ్బాల్లో ఉండేది ద్రవరూపంలోకి మార్చిన డైఫ్లోరోఈథేన్ వంటి వాయువు. అది సుమారు మైనస్ 25 డిగ్రీల వద్ద మరుగుతుంది. డబ్బాను వంచితే ద్రవమే బయటికి వచ్చి చర్మాన్ని గడ్డకట్టించగలదు, వేడిగా ఉన్న భాగాన్ని పగలగొట్టగలదు. అది మండే వాయువు కూడా కాబట్టి పూజగదిలో దీపం వెలుగుతున్న ఇంట్లో, వంటిల్లు పక్కన, లేదా కంప్యూటర్ నడుస్తుండగా వాడకూడదు. మే నెల ఎండలో నిలిపిన కారులో ఆ డబ్బాను వదిలివేయడం పేలుడుకు దారితీయవచ్చు. నిటారుగా పట్టుకుని, రెండు మూడు సెకన్లకు మించకుండా విడతలు విడతలుగా వాడితే మాత్రం, బలమైన బ్లోయర్ చేరకూడని సున్నితమైన చోట్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఇంటి వ్యాక్యూమ్ క్లీనరు విషయంలో ఒక విచక్షణ అవసరం. దాని ప్లాస్టిక్ గొట్టంలో పొడి దుమ్ము రాసుకుంటూ వేగంగా పోవడం వల్ల ముక్కు దగ్గర స్థిర విద్యుత్తు పోగవుతుంది. అందువల్ల ఆ ముక్కును మదర్‌బోర్డుకు తాకించకూడదు. కానీ బ్రష్‌తో వదులు చేసిన దుమ్ము గాలిలోకి లేచిన క్షణంలో దాన్ని పీల్చుకునేలా క్యాబినెట్ అంచు దగ్గర ఒక చేతి దూరంలో పట్టుకుంటే, దుమ్మును నిజంగా బయటికి తీసుకుపోయే పని చేసేది అదొక్కటే. గట్టిగా ఊదే సాధనాల కంటే, మెత్తని బ్రష్ ఒక చేతిలో, దూరంగా పట్టిన వ్యాక్యూమ్ మరొక చేతిలో ఉన్న ఈ జంటకే ప్రాధాన్యమివ్వడం మంచిది. సమయం ఎక్కువ పడుతుంది, కానీ దుమ్ము పెట్టెలోంచి, గదిలోంచి, ఊపిరితిత్తులకు అందే గాలిలోంచి కూడా తొలగిపోతుంది. రాతి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ఎన్95 మాస్కు పెట్టుకోవడం, ఆస్తమా ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండటం అవసరం. బ్రష్‌కు సహజమైన వెంట్రుకలుండి, పిడి దగ్గరి లోహపు పట్టీకి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే మరీ మేలు.

జిడ్డు పట్టిన దుమ్ముకు ద్రవం కావాలి. అది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయి ఉండాలి. 70 శాతం రకంలో మిగతా భాగం నీరే. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో గ్లిజరిన్ వంటివి కలుస్తాయి కాబట్టి అది ఆరిన తరువాత పలుచని జిగురు పొరను వదిలి, కొత్త దుమ్మును ఆహ్వానిస్తుంది. ఈ ఆల్కహాల్ ఆవిరి గది ఉష్ణోగ్రత వద్దే అంటుకోగలదు. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా వాడి, అది పూర్తిగా ఆరేంత వరకు, కనీసం అరగంటైనా, యంత్రానికి కరెంటు ఇవ్వకూడదు. ర్యామ్ కార్డు బంగారు అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం అనేకచోట్ల వాడుకలో ఉన్న చిట్కా. దానితో యంత్రం మళ్లీ పనిచేసిన సందర్భాలు ఉన్నమాట నిజమే, కానీ రబ్బరులోని గరుకు పదార్థం ఆ అతిపలుచని పూతను అరగదీస్తుంది, రాలిన పొడి స్లాటులో చేరుతుంది. అదే ఆల్కహాల్‌తో తడిపిన నూగు రాలని గుడ్డ ఆ పనిని ఏ హానీ లేకుండా చేస్తుంది. నోటితో ఊదడం వల్ల ఉమ్మి తుంపర పడుతుంది తప్ప ఉపయోగం లేదు.

పని మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లను మరొకచోట భద్రపరచాలి. తరువాత కంప్యూటర్‌ను స్లీప్‌లో ఉంచకుండా పూర్తిగా ఆపి, గోడ స్విచ్ కట్టేసి, ప్లగ్ లాగాలి. యూపీఎస్ ఉన్న ఇళ్లలో గోడ స్విచ్ కట్టేసినా యూపీఎస్ బ్యాటరీ నుంచి 230 వోల్టులు వస్తూనే ఉంటాయి కాబట్టి క్యాబినెట్ వెనుక వైరునే తీసివేయాలి. మానిటరు, స్పీకర్ల వైర్లూ అంతే. ఆపై పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తులో చాలా భాగం ఖర్చవుతుంది. చాలా భాగమే, మొత్తం కాదు: ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) లోపలి పెద్ద కెపాసిటర్లలో 320 వోల్టులకు పైగా నిలిచి ఉండే అవకాశం ఉంది. అందుకే ఎస్ఎంపీఎస్ పెట్టెను ఇంట్లో ఏ కారణంతోనూ విప్పకూడదు. దాని ఫ్యానును జాలీలోంచి చెక్క పుల్లతో కదలకుండా ఆపి, బయటి నుంచి కొద్ది కొద్దిగా ఊదడంతోనే సరిపెట్టుకోవాలి. వానాకాలంలో బల్లులు, చీమలు అందులో చేరడం సాధారణం. లోపల అలాంటిది ఏదైనా ఉందనిపిస్తే మెకానిక్‌కు అప్పగించాలి.

క్యాబినెట్ తెరిచాక ముందుగా దాని రంగు వేయని లోహభాగాన్ని చేత్తో తాకాలి, పని మధ్యలో కూడా తరచూ తాకుతుండాలి. ప్లగ్ తీసేశాక భూమితో సంబంధం లేకపోయినా, చేతికీ క్యాబినెట్‌కూ మధ్య వోల్టేజీ తేడా లేకుండా పోవడమే ఇక్కడ కావలసింది. మణికట్టుకు కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ ఉంటే దాన్ని క్యాబినెట్‌కు తగిలించవచ్చు. అందులో ఉండే ఒక మెగా ఓం నిరోధం మనిషికి షాకు తగలకుండా కాపాడుతుంది. వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోనుతో ఫోటో తీసుకుని, పై నుంచి కిందికి బ్రష్ నడపాలి. ముందువైపు జల్లెడ లాంటి ఫిల్టరు ఉంటే దాన్ని తీసి నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. అత్యధిక దుమ్ము ఉండేది అక్కడే, ప్రాసెసర్ హీట్‌సింక్‌లోనే, గ్రాఫిక్స్ కార్డు కింది ముఖంలోనే. మిగతా చోట్ల పైపైన చాలు. ఏసీ గది నుంచి వానాకాలంలో బాల్కనీలోకి యంత్రాన్ని తీసుకువెళ్లాలంటే మూత తీయకుండా గంటసేపు ఆగాలి. బయటి గాలి 27 డిగ్రీల వద్ద 85 శాతం తేమతో ఉన్నప్పుడు, 24 డిగ్రీలకు చల్లబడిన ఏ లోహం మీదైనా నీరు పట్టడం మొదలవుతుంది.

హీట్‌సింక్‌ను ఊడదీయకుండానే దుమ్ము పోతే ఊడదీయవద్దు. తీయక తప్పనప్పుడు, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్టును తుడిచి కొత్తది రాయడం తప్పనిసరి; విడిపోయిన పాత పొర మళ్లీ అతకదు, మధ్యలో గాలి బుడగలు మిగిలిపోతాయి. ఏఎండీ ఏఎం4 రకం సాకెట్ (ప్రాసెసర్‌ను బిగించే గూడు) ఉన్న యంత్రాల్లో మరొక జాగ్రత్త ఉంది. ఎండిన పేస్టు అతుక్కుని ఉండటం వల్ల నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడివచ్చి, దాని అడుగున ఉండే సన్నని పిన్నులు వంగిపోతాయి. ముందు కొన్ని నిమిషాలు యంత్రాన్ని నడిపి పేస్టును మెత్తబరిచి, ఆపి, ప్లగ్ తీసి, హీట్‌సింక్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ విడదీయాలి.

ల్యాప్‌టాప్‌ల లెక్క వేరు. బయటి జాలీలోంచి ఊదితే ఇందాక చెప్పిన కంబళి పొర వెనక్కి జరిగి ఫ్యాను రెక్కల మీద పడుతుంది. ఒకటి రెండు రోజులు చల్లగా నడిచి, మళ్లీ అదే చోటికి చేరుకుని దారి మూసేస్తుంది. అడుగు మూత తీసి, ఆ పొరను ప్లాస్టిక్ పట్టకారుతో పట్టి బయటికి తీయడమే నిలకడైన మార్గం. వారంటీలో ఉన్న యంత్రమైతే మూత తీయడంపై షరతులు చదవాలి. స్క్రూలు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే కింది బోర్డును పొడుస్తుంది కాబట్టి కాగితం మీద మూత బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టాలి. మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టరును విడదీయడం. బ్యాటరీ ఉబ్బి ఉన్నట్టు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే అక్కడే ఆగి, దాన్ని నొక్కకుండా, పొడవకుండా, ఛార్జింగ్ పెట్టకుండా సర్వీస్ కేంద్రానికి చేర్చాలి.

దుమ్ము చేరే వేగాన్ని తగ్గించడం కొంతవరకు చేతుల్లో ఉన్న పని. పొడి చీపురుతో ఊడ్చినప్పుడు లేచే దుమ్ము మోకాలి ఎత్తులోనే ఎక్కువసేపు ఉంటుంది. నేల మీద పెట్టిన క్యాబినెట్ ఫ్యాను సరిగ్గా ఆ ఎత్తులోనే గాలి లాగుతుంది. అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల తరహా ల్యాబుల్లో, పదుల కొద్దీ యంత్రాలు బల్లల కింద నేల మీద ఉండేచోట, ఊడ్చేది యంత్రాలు ఆపి ఉన్న వేళ అయితే చాలా మార్పు వస్తుంది. రెండడుగుల ఎత్తున్న స్టాండు కూడా అదే మేలు చేస్తుంది. గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి నెట్టేవాటి కంటే కొంచెం ఎక్కువ పనిచేసేలా, లాగేవాటి ముందు ఫిల్టర్లు ఉండేలా అమరిస్తే గాలి సందుల్లోంచి కాక ఫిల్టర్ల గుండానే వస్తుంది. వేసవిలో నీళ్ల కూలరు గాలి నేరుగా కంప్యూటర్ మీదికి రాకుండా చూడాలి. చల్లదనం ఇస్తుందనిపించినా, ఆ తేమ లోపలి మట్టిని తడిపి, వానాకాలపు ఇబ్బందిని ఏప్రిల్‌లోనే తెచ్చిపెడుతుంది. యంత్రం నడుస్తుండగా దాని మీద అల్లికల గుడ్డ కప్పి ఉంచకూడదు; ఆపి, చల్లారాక కప్పితే మంచిదే.

తిరిగి బిగించి, గంటసేపు ఆగి, ఆన్ చేసి, అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో చూసిన తరువాత, ముందు రాసిపెట్టుకున్న పనినే పావుగంట చేయించి ఉష్ణోగ్రతల తేడాను మళ్లీ లెక్కించాలి. తేడా పాత అంకెకు వచ్చినట్టయితే సమస్య దుమ్మే. రాకపోతే ఎండిన థర్మల్ పేస్టో, అరిగిన ఫ్యానో, వెనుక ఎడతెగక నడిచే ఏదో సాఫ్ట్‌వేరో కారణం. ఎన్నిసార్లు ఊదినా ప్రయోజనం ఉండదు. అప్పుడు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఇంటి దగ్గరి దుకాణంలోనో యంత్రాన్ని ఇచ్చేముందు ఈ రెండు అంకెలనూ చెప్పడం వల్ల మెకానిక్ వెతుకులాట సగం తగ్గుతుంది. ఊదేటప్పుడు ఫ్యాన్లు పట్టుకుంటారా, హీట్‌సింక్ తీస్తే కొత్త పేస్టు రాస్తారా, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్టరు విడదీసి పని చేస్తారా అని ముందే అడగాలి. వీలైతే పని జరుగుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూడాలి. తిరిగి తీసుకునేటప్పుడు ర్యామ్, డిస్కు సామర్థ్యాలు ఇచ్చినప్పటిలాగే ఉన్నాయో లేదో స్క్రీన్ మీద సరిచూసుకుని, అదే పావుగంట పరీక్షను దుకాణంలోనే చేయించుకోవాలి.